ముందు శంకుస్థాపన, పిమ్మట సంప్రదింపు

క్రొత్త కట్టడము తలపెట్టిన నిర్మాణాధికారులకు ఈ వారము నా సలహా యొక్కటే: చరిత్రను పరిశీలింపవలసి వచ్చునేమో, ఆదివాసులను సంప్రదింపవలసి వచ్చునేమో యని కలత చెందకుడు. ఆ రెండు ముచ్చటలను కొబ్బరికాయ కొట్టిన మరునాడు తీర్చుకొన్నను, ఫైలులో వాని తేదీ నిరుటిదిగా పడగలదు.

ఈ విద్య యావశ్యకత తెలియవలెనన్న ఖరగ్‌పూరు రైల్వే ఊరి ప్రక్కనున్న హిజ్లీకి పోవలెను. శ్రీకాకుళము, విశాఖ మండలముల నుండి రైల్వే కొలువులకు తరలిపోయి తరతరములుగా అచ్చటనే స్థిరపడిన మనవారికి ఆ యూరు క్రొత్త కాదు. 1930లో తెల్లదొరల ప్రభుత్వము రాజబందీలకై హిజ్లీలో నిర్బంధ శిబిరము తెరచినది. 1931 సెప్టెంబరు 16 రాత్రి పోలీసులు నిరాయుధులైన బందీలపై తుపాకులు కాల్చగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా యనువారు నేలకొరగిరి. వారి దేహములను కొనిపోవుటకు సుభాష్ చంద్రబోసు స్వయముగా వచ్చెను. కలకత్తా నిరసన సభలో రవీంద్రనాథ ఠాగూరు గళమెత్తెను. ఇంతటి స్థలమును స్వతంత్ర భారతము ఏ సంఘమును నియమించి, ఏ నివేదికను తెప్పించి కాపాడినదని మీరడుగుదురు. దేశమునకు తొలి ఐఐటీ కావలసివచ్చెను, తరగతులకు కప్పున్న గదులు కావలసివచ్చెను, చెరసాల పాఠశాలయై బ్రతికిపోయెను! ఇప్పుడది హిజ్లీ షహీద్ భవనము; 1990 నుండి అందొక శాస్త్రసాంకేతిక ప్రదర్శనశాల కూడ నడచుచున్నది.

ఆ భవనమే నేడొక ఆరు వరుసల రహదారికి అడ్డువచ్చినదనుకొనుడు. కన్సల్టెంటు గారు మధ్యాహ్న భోజనమునకు ముందే వచ్చి, బురుజును ఫొటో తీసి, ‘పాత ఇటుక గోడలు, శైలి సామాన్యము, ప్రతికూల ప్రభావము శూన్యము’ అని వ్రాసి, సాయంకాలపు రైలుకు వెడలిపోవును. కేంద్రము రక్షించు కట్టడమైనచో 2010 నాటి సవరణ చట్టము నూరు మీటర్ల వరకు నిర్మాణమును నిషేధించి, ఆపై రెండువందల మీటర్ల వరకు అనుమతి తీసికొమ్మన్నది గనుక, మన ఇంజనీరు మహాభక్తితో నూట ఒకటవ మీటరు వద్ద నిలిచి అనుమతి కాగితమునకై చేయి చాచును. జాబితాకెక్కని కట్టడమైనచో టేపు తీయు శ్రమయు లేదు. హైదరాబాదున ఎర్రమంజిల్ భవనమును కూల్చి శాసనసభను కట్టుదమను మంత్రివర్గ నిర్ణయమును 2019లో హైకోర్టు కొట్టివేయుట వంటి అపశకునములు అరుదుగా తప్ప సంభవింపవు.

ఇక ఆదివాసుల సంప్రదింపు మరింత సులభము. 1996 నాటి పెసా చట్టము గ్రామసభను అడుగుమన్నది ఐదవ షెడ్యూలు ప్రాంతములలో. హిజ్లీ యున్న పశ్చిమ బెంగాలున అట్టి ప్రాంతమొక్కటియు లేదు. కావున హిజ్లీ పరిసర పల్లెలలోని సంతాలులు, లోధాలు ఆ చట్టము దృష్టిలో సంప్రదింపదగినవారు కారు. ఇందొక విచిత్రము గమనింపుడు. ఇదే లోధాలను తెల్లదొరలు నేరజాతుల చట్టము క్రింద చేర్చినప్పుడు వారి ఊరు ఏ షెడ్యూలులో నున్నదని ఎవ్వరును వెదుకలేదు. ఆ ముద్ర 1952లో తొలగినది. నేరస్థులని వ్రాసికొనుటకు ఎక్కడనున్నను దొరకినవారు, అభిప్రాయమడుగుటకు మాత్రము సరియైన చోట నివసింపనివారైరి.

అయినను పైనుండి ఆజ్ఞ వచ్చి అడుగక తప్పని సందర్భమున సర్వేయరు ఊరికి పోవును. ఊరి చివర నాలుగైదు సాలవృక్షములు, వాని మొదళ్ల వద్ద రాళ్లు కనబడును. అది సంతాలుల జాహేర్ థాన్. ఫాల్గుణమున బాహా పండుగనాడు సాలపుష్పములు అచ్చట దేవతలకు సమర్పించిన తరువాతనే ఆ యూరి స్త్రీలు క్రొత్త పూలు తలలో తురుముకొందురు. సర్వేయరు పట్టికలో దేవతలకు గడి లేదు గనుక ‘ఇతర వృక్షములు, 5’ అని నింపును. సభకు పిలుచు నోటీసు ఆంగ్లమున అచ్చై బ్లాకు కార్యాలయపు గోడకు వ్రేలాడును; రఘునాథ్ ముర్మూ 1925లో సంతాలీకి ఓల్ చికీ లిపిని కల్పించిన సంగతియు, 2003లో ఆ భాష ఎనిమిదవ షెడ్యూలున చేరిన సంగతియు ఆ గోడకు తెలియవు.

నిజముగా అడిగిన ఉదాహరణ ఒకటి కలదు. దానిని చూచియే మన పెద్దలు బెదరిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఒడిశాలోని నియమగిరి గనుల విషయమున గ్రామసభలనే అడుగుడని తీర్పిచ్చెను. ప్రభుత్వము తానే పన్నెండు ఊళ్లను ఏరి, జిల్లా న్యాయమూర్తి యెదుట సభలు పెట్టించగా, పన్నెండును వలదనెను. చక్కగా అడిగిన ప్రశ్నకు చక్కని జవాబు వచ్చుట పరిపాలనకు ఎంత ప్రమాదకరమో నాడు తేటపడెను.

అందువలన కాబోలు, 2022 నాటి అటవీ సంరక్షణ నియమములలో అటవీభూమి మళ్లింపునకు కేంద్రము తన తుది యనుమతి నిచ్చుటకు గ్రామసభ సమ్మతికై వేచియుండ నక్కరలేకపోయెను. అటవీ హక్కుల సంగతిని తరువాత రాష్ట్రము చూచుకొనవలెను.