డేటాబేస్‌కు మూడు చెరువుల నీళ్లు తాగించడం ఎలా?

కొత్తగా చేరిన ప్రోగ్రామర్ పాటించాల్సిన నియమం ఒక్కటే: ప్రోగ్రాముకీ డేటాబేస్‌కీ మధ్య ఏం నడుస్తోందో ఎన్నడూ తొంగిచూడకూడదు.

ఐదొందల మంది విద్యార్థుల మార్కులు తెర మీద చూపాల్సి వస్తే, పేర్ల జాబితాకు ఒక క్వెరీ పంపి, ఆపైన ఒక్కొక్కరి మార్కులకూ విడివిడిగా క్వెరీలు పంపాలి. మొత్తం 501. ఉప్పుకోసారి, పప్పుకోసారి, చింతపండుకోసారి కిరాణా కొట్టుకు పరిగెత్తడం లాంటిదే ఇది. రెండు టేబుళ్లనూ జాయిన్ చేస్తే ఒక్క క్వెరీతో పోయేదే, కానీ అందులో మజా ఏముంది? డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉండి, రానూపోనూ 2 మిల్లీసెకన్లే పట్టినా, ఒక సెకను హారతి కర్పూరం. సొంత ల్యాప్‌టాప్‌లో పది పేర్లతో పరీక్షిస్తే ఇదేదీ బయటపడదు. అందుకే పరీక్ష అక్కడే కానివ్వాలి. ప్రోగ్రాముకీ డేటాబేస్‌కీ మధ్య దళారీగా ఉండే ఓఆర్ఎం లైబ్రరీ వాడితే మరీ సుఖం. క్వెరీలు అదే రాసుకుంటుంది, ఎన్ని రాసిందో లాగ్ తెరిచినవాడికే తెలుస్తుంది.

కనెక్షన్లు తెరవాలే తప్ప మూయకూడదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా 100 దగ్గర గేటు వేస్తుంది. దాన్ని వెయ్యికి పెంచేస్తే సరి. ఒక్కో కనెక్షన్‌కూ ఒక్కో ప్రాసెస్ పుడుతుందన్న సంగతి మెమరీ నిండుకున్నాక ఎలాగూ తెలిసొస్తుంది.

ఇక అసలైన విద్య. వాడుకరి టైపు చేసినదాన్ని ఉన్నదున్నట్టు క్వెరీలో అతికించాలి. పారామీటరుగా విడిగా పంపితే డేటాబేస్ దాన్ని వట్టి పేరుగానే చూస్తుంది. అతికిస్తే ఆజ్ఞగా శిరసావహించే అవకాశం ఉంటుంది. ఈ కిటుకు 1998లోనే హ్యాకర్ల పత్రిక ‘ఫ్రాక్’లో అచ్చయింది కనుక కొత్తగా కనిపెట్టే శ్రమ కూడా లేదు. బ్రిటన్ టెలికాం కంపెనీ టాక్‌టాక్‌పై 2015లో ఇదే పారింది: 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు దొంగల పాలయ్యాయి, మరుసటి ఏడాది 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. దాడికి దారిచ్చిన పేజీలు 2009లో టిస్కాలీ అనే కంపెనీ బ్రిటన్ వ్యాపారాన్ని కొన్నప్పుడు వాటంతటవే వచ్చినవి. అవి ఉన్నాయనే కంపెనీకి తెలియదట. తొంగిచూడకపోవడంలో ఇంతకన్నా నిష్ఠ ఎవరు చూపగలరు?

ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ చూపింది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరునే చెరిపేశారు. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే ఏమీ లేదు. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2. రెండింటికీ పొసగక బ్యాకప్ ఆగిపోతూ వచ్చింది. ఆ కబురు మోసిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ లోపలికే రానివ్వలేదు.