తుప్పు మాస్టారు

పదో తరగతికి తుప్పు పాఠం నా అంత బాగా చెప్పేవాడు లేడని మా స్టాఫ్‌రూంలో ఒప్పుకునేవారు. ఒప్పుకోనివాళ్ల ఎదుట నేనే ఆ మాట అనేవాణ్ని. మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో మరిగించి చల్లార్చిన నీళ్లమీద నూనె, మూడోదాంట్లో తేమ పీల్చేసే కాల్షియం క్లోరైడు. గాలీ నీరూ రెండూ అందిన మేకుకే తుప్పు. పనిలో పనిగా నాలుగో నాళికలో ఉప్పునీళ్లు పోసి, "చూశారట్రా, ఉప్పు తగిలితే ఎంత తొందరో!" అని చూపించేవాణ్ని. రిటైరయ్యాక భీమిలిలో, అలల హోరు పడగ్గదిలోకి వినబడేంత దగ్గర ఇల్లు కట్టాను. కాపురం పెడుతున్నది ఆ నాలుగో నాళికలోనే అని మాత్రం తట్టలేదు.

వరండాకీ, మోటారుకీ, గేటు లైటుకీ గోడ బయటినుంచి పైపుల్లో వైర్లు లాగాలి. "మాస్టారూ, సముద్రం గాలికి ఇనుప పైపు ఆగదండి. పీవీసీ ఏసేద్దాం" అన్నాడు ఎలక్ట్రీషియన్. చవకరకం అంటగడుతున్నాడనుకున్నాను. జీఐ పైపు మీద జింకు పూత ఉంటుందనీ, జింకు తాను కరిగిపోయి ఇనుమును కాస్తుందనీ అక్కడే ఒక పీరియడు తీసుకున్నాను. అంతటితో ఊరుకోక ఢిల్లీ ఇనుప స్తంభాన్ని కూడా లాక్కొచ్చాను. పదహారు వందల ఏళ్లుగా నిలబడి ఉంది కదోయ్ అని. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువనీ, అది ఉన్నది సముద్రానికి ఎక్కడో దూరాన పొడిగాలి ఊళ్లోననీ నాకు తెలియక కాదు. వాదనలో నెగ్గడానికి అడ్డం వస్తాయని ఆ రెండూ దాచాను. "మీకు తెలీనిదేటుందండీ" అని అతను మీటరు డబ్బా దగ్గరికి వెళ్లిపోయాడు. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

జింకు గురించి నేను చెప్పింది అబద్ధం కాదు, సగం. మామూలు ఊళ్లో జింకు మీద గాలికి కార్బొనేటు పొర ఒకటి కట్టి, అదే దానికి కవచమవుతుంది. సముద్రం ఒడ్డున గాలిలోని క్లోరైడ్లు ఆ పొరను నిలవనివ్వవు. ఐఎస్ఓ 9223 అనే ప్రమాణంలో గాలిని, అది లోహాన్ని తినే వేగాన్ని బట్టి తరగతులుగా విడదీశారు. మధ్యరకం గాలిలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు తరిగితే, ఉప్పు బాగా ఎక్కువుండే గాలిలో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. అంతకు మించిన తరగతి ఇంకొకటుంది, అందులో 25 దాకా. ఇక పైపుల్ని కలపడానికి డై పెట్టి మర కోస్తాం కదా, అక్కడ పూతను మన చేతులతోనే చెక్కేస్తున్నాం. పక్కనున్న జింకు చిన్న గీతనైతే కాపాడుతుంది. మర మొత్తాన్ని కాపాడలేదు. మొదటి ఎర్రమరకలు అక్కడే కనిపించాయి.

వానకు తడవకూడదని పైపుల్ని పనిగట్టుకుని సన్‌షేడ్ల కింద దాచి వేయించాను. నా తెలివికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. ఆరుబయట ఉన్న గేటు పైపు మీద పడ్డ ఉప్పును ఏటా వాన కడిగేసింది. నీడలో ఉన్నదాని మీద ఉప్పు పేరుకుంటూనే ఉంది. వంటింట్లో ఉప్పు జాడీ ముసురు రోజుల్లో చెమర్చినట్టు, పైపు మీది ఉప్పు కూడా గాలిలో తేమ 75 శాతం దాటితే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది; దానికి 33 శాతం చాలు. అంటే వాన చుక్క పడకపోయినా ఆ పైపు ఏడాదంతా ఉప్పునీటి స్నానమే చేస్తోంది.

తప్పు తెలిశాక మనిషి దిద్దుకుంటాడంటారు. నేను దానికి సొంత మెరుగులు దిద్దాను. తుప్పు పట్టిన ముక్కను కోయించి, డబ్బుకు వెనకాడకుండా స్టెయిన్‌లెస్ స్టీలు పైపు వేయించాను. 304 రకం. ఉప్పుగాలికి తట్టుకోవాలంటే రెండు మూడు శాతం మాలిబ్డినం ఉండే 316 కావాలి, అదైనా అప్పుడప్పుడూ కడగాలి. కొట్టువాడు అడిగాడు కూడా, ఏ గ్రేడండీ అని. మెరిసేది ఇవ్వమన్నాను. పాత జీఐ శాడిళ్లూ స్క్రూలూ ఇంకా బాగానే ఉన్నాయి కదా అని వాటితోనే బిగింపించాను. రెండు వేర్వేరు లోహాలు తగిలి ఉండి, వాటిమధ్య ఉప్పునీరుంటే బ్యాటరీయే. అందులో తినబడేది చిన్నముక్కయితే ఇంకా వేగంగా పోతుంది. బ్రిటిష్ నౌకాదళం ఇది ఎప్పుడో నేర్చుకుంది. 1761లో అలారం అనే ఓడ అడుగుకి రాగిరేకులు తొడిగి ఇనపమేకులు కొట్టారు. రెండేళ్లకు చూస్తే మేకుల్ని తుప్పు తినేసి ఉంది. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం పొరపాటున మధ్యలో ఉండిపోయినచోట మాత్రం నిలిచాయి. పొరపాటున ఉండిపోయిన కాగితం పాటి ఆలోచన కూడా నేను చెయ్యలేదు. స్క్రూల తలలు రాలి పైపు వైర్లకు వేలాడింది.

ఆ తర్వాత ఉప్పుగాలి లోపలికి పోకూడదని పైపు కొసలన్నీ ఎం-సీల్‌తో మూసేశాను. పగటి ఎండకు పైపులో గాలి వ్యాకోచించి మర సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమగాలిని లోపలికి పీల్చుకుంటుంది. అలా వచ్చిన తేమ నీరై కింది వంపులో చేరింది. పోవడానికి దారి నేనే మూసేశాను గనక అక్కడే నిలిచింది. తెల్లవారుజామున ఆర్‌సీసీబీ ట్రిప్పవడం మొదలైంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే రక్షణ స్విచ్చి అది. "ఈ దిక్కుమాలినదాన్ని తీసెయ్యవోయ్" అన్నాను ఎలక్ట్రీషియన్‌తో. తియ్యనన్నాడు. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చెమట పడుతుంది.

ఎందుకంటే అసలు ఘనకార్యం ఇంకా చెప్పలేదు. ఇల్లు కట్టేటప్పుడు, ఇనుప పైపే ఎర్తు కదా, మళ్లీ విడిగా ఎర్తు వైరు దండగ అని మిగుల్చుకున్నాను. అతను మీటరు పెట్టి చూపించాడు: పైపు ఈ కొసకీ ఆ కొసకీ మధ్య కంటిన్యుటీ లేదు. మరల్లో ఇనుము పోయి తుప్పే మిగిలింది, తుప్పు కరెంటుకు దారి కాదు. లోపల వైరు తొడుగు ఎక్కడైనా చిట్లితే పైపంతా కరెంటు నిలుస్తుంది, ఫ్యూజు పోదు, పైకి ఏమీ తెలియదు. ఆర్‌సీసీబీ కూడా లేకపోతే ఆపేది ఏదీ లేదు. మా మనవడు బీచి నుంచి ఇసుక కాళ్లతో వచ్చి, పెరటి కుళాయి కింద కాళ్లు కడుక్కునేటప్పుడు పట్టుకుని నిలబడేది ఆ పైపునే.

ఇనుప పైపు ఎక్కడా పనికిరాదని కాదు. బళ్లు, బరువులు తగిలే రేవుల్లో, ఫ్యాక్టరీల్లో ఇనుమే వాడతారు. దానిమీద మందంగా ప్లాస్టిక్ తొడుగు వేసో, 316 తెచ్చో, ఏటా పరీక్ష చేసుకుంటూనో. మా వరండాలో బళ్లు తిరగవు. ఇనుమే ఎందుకంటే ఎలకలకు భయపడ్డానని మా ఆవిడతో అన్నాను గాని, నిజానికి భయపడింది చవకైనది వేశాడని బంధువులు అంటారేమోనని.

ఇప్పుడన్నీ పీవీసీయే, ఐఎస్ 9537 ముద్ర ఉన్నవి, ఎండకు పెళుసుబారని రకం. డబ్బాలూ శాడిళ్లూ కూడా ప్లాస్టిక్కే, లోపల ఆకుపచ్చ ఎర్తు వైరు విడిగా. పని ముగిస్తూ ఎలక్ట్రీషియన్ కింది డబ్బా అడుగున డ్రిల్లు పెట్టి కన్నం పొడుస్తుంటే ఆగలేకపోయాను.

"అదేమిటోయ్, కన్నం పెడితే నీళ్లు లోపలికి పోవూ?"

"ఇది లోనికి పోడానికి కాదు మాస్టారూ, బయటికి రాడానికండి" అన్నాడు.