ఇవ్వని రాజీనామా

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో బ్లాకుకొకరు చొప్పున ఓ తరహా మనిషి ఉంటారు. వయసు 45 దాటి, 50 నిండని వారు. పిల్లల చదువుల గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "ఇంకెన్నాళ్లు సార్ ఉద్యోగం?" అని అడిగామా, కుర్చీ లాక్కుని కూచుంటారు. ముందుగా రిటైరవడం వీరి మతం, ఎక్సెల్ షీటు వీరి మతగ్రంథం. మా కుటుంబం వంతుకు వచ్చినాయన నా తోడల్లుడు. నాకంటే పెద్ద కనుక అన్నయ్యగారంటాను.

ఈ మతానికి ఆదిగురువు విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు. పాత షేర్ల, బాండ్ల లెక్కలన్నీ తిరగేసి, 1994లో ఆయనో మాట చెప్పాడు. దాచిన సొమ్ములో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ పైన ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లు ఢోకా లేదని. దాన్నే తిరగేస్తే, ఏడాది ఖర్చుకు 25 రెట్లు వెనకేస్తే చాలన్నమాట. ఆ 25 మా అన్నయ్యగారిని పూనింది. ఓసారి ఇరానీ చాయ్‌కి తీసుకెళ్లాను. కప్పు కళ్లెదుట పెట్టుకుని, "ఇది 20 రూపాయలనుకుంటున్నావా తమ్ముడూ? రోజుకొకటి చొప్పున ఏడాదికి 7,300. పాతికతో హెచ్చవెయ్యి. 1,82,500!" అన్నారు. నేను సాసర్లో ఒలికింది కూడా వదల్లేదు.

ఆ షీటుకు మా అత్తగారొక్కరే ఎదురు నిలిచారు. "నలభై ఆరుకి ముప్ఫై కలిపితే డెబ్బై ఆరు. మీ నాన్నగారు ఎనభై ఎనిమిదిలోనూ రోజూ నడిచెళ్లి పాలపాకెట్టు తెస్తున్నారు. మిగతా ఏళ్లు ఏం తింటారు బాబూ?" అన్నారు. ఆ రాత్రి అన్నయ్యగారు నిద్రపోలేదు. తెల్లారేసరికి షీటుకు 'నాన్న' అని ఇంకో పేజీ చేరింది.

ఏర్పాట్లలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆఫీసు ఆరోగ్య బీమా ఆఖరి రోజుతోనే పోతుందని మూడేళ్ల ముందే సొంత పాలసీ తీసుకున్నారు. చేవెళ్ల దగ్గర 20 గుంటలు కొని మామిడి మొక్కలు నాటించారు. తవ్వడానికో పార కూడా కొన్నారు. దాని మీది ధర స్టిక్కరు ఇంకా ఊడలేదు.

అయితే ఆయన ప్రాణం షీటులోనూ లేదు, చెట్లలోనూ లేదు. రాజీనామా ఉత్తరంలో ఉంది. మూడేళ్లుగా చెక్కుతున్నారు, పదిహేడో ప్రతి నడుస్తోంది. అది ఇవ్వగానే మేనేజరు నిర్ఘాంతపోయి, "మీరు లేకపోతే మాకెలాగండీ?" అంటాడు. అప్పుడు ఈయన బదులు చెప్పకుండా ఓ చిన్న నవ్వు నవ్వాలి. ఆ నవ్వు అద్దం ముందు సాధన చేస్తుంటే మా వదిన చాలాసార్లు చూసింది. ముహూర్తం 2023 మార్చి 31.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ ఏడు కనుమ మర్నాడే అన్నయ్యగారిని కదిలించారు. జనవరి 17, మంగళవారం. ముహూర్తానికి ఇంకా 73 రోజులుంది. పెద్ద పెద్ద టెక్ కంపెనీలు మనుషుల్ని వేలల్లో వదిలించుకుంటున్న నెల అది. ఉదయం 11 గంటలకు, పావుగంట మీటింగు. తెరమీద మేనేజరు పక్కన ఎప్పుడూ చూడని హెచ్ఆర్ అమ్మాయి. ఆమె "మీ సేవలకు ధన్యవాదాలు" అంటుండగానే లాప్‌టాప్ లాకైపోయింది. పదిహేడు ప్రతులూ అందులోనే ఉన్నాయి.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకెళ్లడానికి కొరియర్ కుర్రాడొచ్చాడు. అన్నయ్యగారు పెట్టె మూత వెయ్యనివ్వలేదు. "ఇందులో నా ఉత్తరం ఒకటుంది బాబూ" అన్నారు. కుర్రాడు పెట్టెలోకి తొంగిచూసి, "కాగితాలేం లేవు సార్, చార్జరే ఉంది" అన్నాడు.

లెక్కప్రకారం ఏడవాల్సిందేమీ లేదు. గ్రాట్యుటీ ఎటూ వచ్చేదే. తనంతట తాను మానేస్తే రాని నాలుగు నెలల జీతం అదనంగా ఇచ్చారు. షీటులో చివరి గడి పచ్చబడింది. అదే మాట వదిన అంది: "రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఇంకా ఏమిటండీ దిగులు?"

"ముందు అడగాల్సింది రోగి కదే!" అన్నారు అన్నయ్యగారు. ఆయన అవస్థ నాకప్పుడు అర్థమైంది. పిల్ల నచ్చలేదని చెప్పడానికి గొంతు సవరించుకుంటుంటే, ఆ పిల్లే ముందు లేచి నువ్వు నచ్చలేదన్నట్టయింది.

ఆ తర్వాత పెళ్లిళ్లకు వెళ్లడం నరకమైంది. "రిటైరయ్యానండీ" అంటే చాలు, ఎదుటివాళ్లు గొంతు తగ్గించి, "మా బావమరిదినీ తీసేశారండీ, పాపం" అనేవారు. అన్నయ్యగారు ఫోన్ తీసి షీటు చూపించేవారు. వాళ్లు ఇంకా జాలిగా చూసి, ఆయన విస్తట్లో ఇంకో బూరె వేయించేవారు.

"ఎక్కడైనా ఓ నెల చేరి, రాజీనామా చేసి వచ్చేస్తే ఎలా ఉంటుంది తమ్ముడూ?" అని ఓ రోజు గుసగుసగా అడిగారు. లోపల పోపు వేస్తున్న వదిన విన్నది. స్టవ్ కట్టేసి వచ్చి, ఓ తెల్లకాగితం, పెన్నూ ఆయన ముందు పెట్టింది. "ఆ పదిహేడోది రాసి నాకివ్వండి."

అక్షరం పొల్లుపోకుండా రాశారు. వదిన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కాగితం మడిచి పోపులడబ్బా కింద పెట్టింది. ఆ తర్వాత ముఖం దిగాలుగా పెట్టి, "అయ్యో, మీరు లేకపోతే మాకెలాగండీ?" అంది.

అన్నయ్యగారు బదులు చెప్పలేదు. మూడేళ్లు సాధన చేసిన నవ్వు నవ్వారు.

"సరే, ఆమోదించాం. నోటీసు పీరియడ్ 90 రోజులు" అంటూ వదిన సంచీ చేతికిచ్చింది. "అన్నాళ్లూ రైతుబజారు డ్యూటీ మీదే."