కిటికీ సందులో నేను

కోటప్పకొండ కింద, ఘాట్ రోడ్డుకు తిరిగే మలుపుకు కాస్త ఇవతల ఒక డాబా ఇల్లుంది. కింది గదిలో టీవీ పక్కనున్న రూటరు దగ్గర మొదలై, పడమటి కిటికీ సందులోంచి బయటపడి, గోడ వెంట పిట్టగోడ దాకా ఎక్కి, మేడగదిలో కంప్యూటరు వెనక ఆగే బూడిదరంగు నెట్ వైరును నేను. ఈ ఇంటి అమ్మాయి హైదరాబాదు కంపెనీలో చేసే ఉద్యోగం నా మీదుగానే నడుస్తుంది. నాకొక జబ్బు చేసింది. అది ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక ఎండాకాలం పట్టింది. ఆ కథ చెబుతాను.

ముందు నా లోపల ఏముందో తెలియాలి. పై తొడుగు ఒలిస్తే ఎనిమిది రాగి తీగలు కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు అర మిల్లీమీటరు మందం. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని నాలుగు జతలు. ప్రతి రంగు తీగకూ అదే రంగు చార ఉన్న తెల్లతీగ జత. రెండూ రెండు పాయల జడలా మెలిపడి ఉంటాయి. ఆ మెలికలోనే నా ప్రాణం ఉంది. ఒక తీగలో వెళ్ళే సంకేతానికి సరిగ్గా ఎదురుది రెండో తీగలో వెళుతుంది. నీళ్ళ మోటారు వేసినప్పుడో మిక్సీ తిప్పినప్పుడో పుట్టే రొద రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. అవతలి కొసన ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే చదువుతారు కాబట్టి రొద అక్కడికక్కడే కొట్టుకుపోతుంది. నాలుగు జతలకూ మెలికల బిగువు వేరువేరుగా పెట్టారు. ఒకే బిగువుంటే ఒక జత మాట పక్క జతలోకి దూరుతుంది.

ఈ మెలికకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే టెలిఫోను లైన్ల కోసం పేటెంటు తీసుకున్నాడు. కంప్యూటర్లను కలపడం చాలా తర్వాతి మాట. రాబర్ట్ మెట్‌కాఫ్ జిరాక్స్ పరిశోధనశాలలో 1973 మే 22న రాసిన మెమోతో ఈథర్‌నెట్ పుట్టింది. అప్పుడది లావుపాటి కోయాక్సియల్ కేబులు మీద నడిచేది. మెలితీగల మీద నడిచే ప్రమాణం 1990లో వచ్చింది. సెకనుకు వంద మెగాబిట్లు మోసే రోజుల్లో నారింజ, ఆకుపచ్చ జతలే పనిచేసేవి, నీలం, గోధుమ ఖాళీగా ఉండేవి. 1999లో వెయ్యి మెగాబిట్ల ప్రమాణం వచ్చాక నాలుగు జతలూ పనిలోకి దిగాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా జబ్బు గుట్టంతా ఇందులోనే ఉంది.

నన్ను నరసరావుపేటలో కొన్నారు. కరోనా రోజుల్లో హాస్టలు ఖాళీ చేసి ఇంటికొచ్చిన అమ్మాయి మేడగదిలో పని పెట్టుకుంది. కింది గది రూటరు నుంచి వైఫై స్లాబు దాటి పైకి వచ్చేసరికి నీరసించిపోయేది. స్లాబులోని ఇనుమూ కాంక్రీటూ రేడియో తరంగాలను మింగేస్తాయి. అందుకని వాళ్ళ నాన్న నన్ను తెచ్చి, మేకులు కొట్టి, కిటికీ సందులోంచి పైకి లాగాడు. గోడకు బెజ్జం వేయించడం ఎందుకులే, కిటికీ ఉందిగా అనుకున్నాడు. చాలా ఇళ్ళలో మా జాతి దారి ఇదే.

మొదట్లో బాగానే నడిచింది. పిట్టగోడ మీద నాకు కొండ పూర్తిగా కనబడేది. కొండ కోతులు దిగివచ్చి నన్ను పట్టుకుని ఊగినా తట్టుకున్నాను. శివరాత్రి తిరనాళ్ళకు ఊరు ఊరంతా మారిపోతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి దేవుడి కోసం అలంకరించి కట్టిన ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కదిలి వస్తాయి. అవి నిలువునా నడవాలి కాబట్టి దారికి అడ్డమొచ్చే కరెంటు తీగలు విప్పి పక్కకు తీస్తారు. సరఫరా ఆపేస్తారు. చీకటిపడ్డాక జనరేటరు మీద వేల బల్బులతో ప్రభ వెలిగి నిలబడుతుంది. కింద మోకులు పట్టిన మనుషులు, కొండమీది దేవుణ్ణి పిలుస్తూ 'చేదుకో కోటయ్యా' అన్న కేకలు. దేవుడి కోసం తీగలన్నీ తలవంచే రోజు అది. అప్పుడు నెట్ లేకపోయినా ఈ ఊళ్ళో ఎవరూ విసుక్కోరు. తీగగా పుట్టిన నాకు ఆ మర్యాద ఎంతో ఇష్టం.

తిరనాళ్ళ వెళ్ళాక ఎండలు ముదిరాయి. రాష్ట్రంలో ఎండ మాట వస్తే ముందు రెంటచింతల పేరు చెబుతారు, అది మా పల్నాడులోదే. అప్పుడు మొదలైంది నా జబ్బు. పొద్దున్న ఏమీ ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మాయి మీటింగులో మాట్లాడుతుండగా లైను పోతుంది, ఐదారు సెకన్లలో వస్తుంది, మళ్ళీ పోతుంది. సాయంత్రం చల్లబడితే అంతా మామూలే.

"ఎండకి బాక్సు వేడెక్కుతోంది" అన్నాడు నాన్న. రూటరు పక్కన టేబుల్ ఫ్యాను పెట్టారు. "మజ్జానం అందరూ వాడతారు, లైను మీద లోడు" అన్నారు పక్కింటివాళ్ళు. రూటరు ఆపి వేశారు, ఫోన్లు చేశారు. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు. అమ్మాయి కంప్యూటరు తెర మీద ఓ మూల 'నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్' అన్న మాట ప్రతిసారీ వచ్చి పోయేది. అంతకంటే స్పష్టంగా నా తరఫున ఎవరు చెప్పగలరు? ఇంటర్నెట్ రాకపోతే వచ్చే మాట వేరు, తీగే తెగితే వచ్చే మాట వేరు. లైను పోయిన కంగారులో ఆ తేడా ఎవరికీ కనబడలేదు.

నెట్ చూసే కుర్రాడు వచ్చాడు. రూటరు వెనక మొదటి పోర్టులోంచి నన్ను పీకి రెండో దాంట్లో పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఒక్కసారీ లైను పోలేదు. "పోర్టు పోయిందక్కా" అని తేల్చేశాడు. రూటరు మార్చారు. కొత్త రూటరు మొదటి పోర్టులో నన్ను పెట్టారు. మధ్యాహ్నానికి జబ్బు తిరిగొచ్చింది.

అమ్మాయి ఆలోచన ఇక్కడ మలుపు తిరిగింది. ఆమె తీరు నాకు బాగా నచ్చింది. ఒకసారికి ఒక్కటే మార్చింది, ఏం మారిందో కాగితం మీద రాసుకుంది. లైను పోయిన క్షణంలో కింద నాన్న ఫోనులో వైఫై చూడమంది, వస్తోంది. అంటే బయటి ఫైబరు మంచిదే. కంప్యూటరు నుంచి రూటరుకే పింగ్ అనే పలకరింపు పెట్టింది, లైను పోయినప్పుడు కింది గదిలోని రూటరే పలకడం లేదు. అంటే తప్పు ఇంట్లోనే, రూటరుకూ కంప్యూటరుకూ మధ్యనే. మర్నాడు కంప్యూటరును కిందికి మోసుకెళ్ళి చిన్న వైరుతో అదే మొదటి పోర్టుకు కలిపి మధ్యాహ్నమంతా పనిచేసుకుంది. చెక్కుచెదరలేదు. కంప్యూటరూ మంచిదే, పోర్టూ మంచిదే. మిగిలింది నేను.

మరి రెండో పోర్టులో నేనెలా బాగున్నాను? రూటరు కింద అంటించిన చీటీ చదివితే తెలిసింది. ఈ రకం పెట్టెల్లో చాలావాటికి మొదటి పోర్టు ఒక్కటే వెయ్యి మెగాబిట్లది, మిగతావి వందవి. పాతదీ అలాంటిదే. వంద పోర్టుకు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. నీలం తెగినా, గోధుమ తెగినా దానికి పట్టదు. వెయ్యి పోర్టుకు నాలుగూ కావాలి. ఒక్క తీగ సరిగా అంటుకోకపోతే కలిసిన లింకు పడిపోతుంది, రెండు వైపులా మళ్ళీ మాట్లాడుకుని కలుస్తాయి, మళ్ళీ పడిపోతుంది. కొన్ని కంప్యూటర్ల నెట్‌వర్క్ కార్డులు విసిగి వందకు దిగిపోతాయి, కొన్ని అలా పడుతూ లేస్తూనే ఉంటాయి.

ఆదివారం కుర్రాడు టెస్టరు తెచ్చాడు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద పెట్టెలు రెండు, ఒక్కోదానికి ఎనిమిది లైట్లు. ఒకటి కింద, ఒకటి పైన నా కొసలకు తగిలించారు. ఒకటి, రెండు, మూడు అంటూ ఎనిమిదీ వరసగా వెలిగాయి. "వైరు బాగానే ఉందక్కా" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ లోపలికొచ్చింది.

"వడగాలి కొడతా ఉంటే ఆ కిటికీ తీసి కూర్చున్నారేందిరా?" అంటూ రెక్క లాగి గడియ పెట్టింది.

నాలుగో లైటు ఆరిపోయింది.

కుర్రాడు కిటికీ తీశాడు, లైటు వెలిగింది. వేశాడు, ఆరింది. నాలుగో స్థానం నీలి తీగది. రోజూ మధ్యాహ్నం వడగాలికి ఆ రెక్క నా మీద పడి బిగుస్తుంది, సాయంత్రం గాలి కోసం తీస్తారు. నెలల తరబడి అదే చోట నలిగి తొడుగు లోపల నీలి రాగి విరిగింది. రెక్క తీసినప్పుడు విరిగిన కొసలు ఆనుకుని పనిచేసేవి, వేస్తే విడిపోయేవి. అందరూ చూసింది మధ్యాహ్నపు ఎండ. జబ్బు తెచ్చింది ఆ ఎండకు వేసిన కిటికీ.

"రెండో పోర్టులో పెట్టి వదిలేద్దాం, పని జరిగిపోద్ది" అన్నాడు నాన్న. నిజమే, పని జరిగేది. అయితే రెక్క రోజూ పడుతూనే ఉంటుంది. ఇవాళ నీలం తెగిన చోటే రేపు నారింజ తెగుతుంది, అప్పుడు ఏ పోర్టూ ఆదుకోదు. అమ్మాయి ఒప్పుకోలేదు. "అతుకు కూడా వద్దు తమ్ముడూ" అంది. మెలిక విప్పి టేపు చుట్టిన అతుకు కరెంటు తీగకు పనికొస్తుందేమో గానీ నాలాంటిదానికి అక్కడ మరో జబ్బు అంటుకుంటుంది.

కిటికీ పక్కన గోడకు బెజ్జం వేశారు. లోపలి నుంచి బయటికి కాస్త వాలుగా వేశారు, వాననీళ్ళు గదిలోకి రాకుండా. నలిగిన చోటికి నన్ను కోసి రూటరు వైపు ముక్కను తీసిపారేశారు. మేడ మీద చుట్టిపెట్టిన మిగులు ఉండబట్టి పొడవు సరిపోయింది. నాలుగు జతలనూ విప్పి, రంగుల వరస పెట్టి, కొసలు సమంగా కత్తిరించి కొత్త జాకులోకి తోశాడు కుర్రాడు. ఈ పనిలో చెయ్యి తిరిగిందీ లేనిదీ ఒక్కచోట తెలుస్తుంది. మెలికను అరంగుళానికి మించి విప్పకూడదు, పై తొడుగు జాకు లోపలిదాకా వెళ్ళి అక్కడ బిగియాలి. తొడుగు బయటే ఉండిపోతే లాగిన ప్రతిసారీ బరువంతా సన్న తీగల మీదే పడుతుంది. ఈ కుర్రాడు మొదటిసారి కొట్టిన జాకు తనకే నచ్చక కోసేసి మళ్ళీ కొట్టాడు. బయట గోడ వెంట, ఎండకూ కోతులకూ అందకుండా నాకు పీవీసీ గొట్టం తొడిగారు. ఎండలో మామూలు తొడుగు పెళుసుబారి పగులుతుంది, ఈ గొట్టం మొదటిరోజే ఉండాల్సింది.

ఇప్పుడు నాయనమ్మ కిటికీ ఎప్పుడు వేసుకున్నా మొదటి పోర్టులో లింకు వెయ్యి మీదే నిలుస్తోంది.

మీ ఇంట్లో కూడా రోజూ ఒకే వేళకు నెట్ పోతుంటే, రూటరు మార్చమని ఫోను చేసేముందు వైరు వెంట ఒకసారి నడవండి. ఆ వేళకు ఇంట్లో ఏ తలుపు పడుతుందో, ఏ మంచం జరుగుతుందో చూడండి. వైరును తలుపు సందులోంచి, మంచం కోడు కిందనుంచి, మూలల్లో మడిచి లాగకండి. గోడకు బెజ్జం వేయించండి.