తైలపరివర్తన తేటగీతి: టీకా తాత్పర్య సహితము

అవతారిక

చదువుకని అమెరికా చేరిన తెలుగు పిల్లల్లో పాత టొయోటా కామ్రీ గురుశిష్య పరంపరగా సంక్రమిస్తుంది. సీనియర్ తనకు ఉద్యోగం రాగానే జూనియర్‌కు అమ్ముతాడు. ఆ జూనియర్ తన వంతు రాగానే ఇంకొకడికి అంటగడతాడు. తాళాలు, కాగితాలు, వెనక సీటు మీది ఆవకాయ మరకతో సహా అన్నీ చేతులు మారతాయి. గేరుబాక్సులోని ఆయిల్ మాత్రం ఎవరి హయాంలోనూ మారదు. డల్లాస్ శివార్లలో ఇలా తిరుగుతున్న ఒక 2003 కామ్రీని ఉద్దేశించి పుట్టింది ఈ పద్యం. బండికి నాలుగు సిలిండర్ల ఇంజన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. కవి పేరు తెలియదు. చేతులు గ్రీజుమయం కావడం వల్ల సంతకం చేయలేకపోయాడని పెద్దలంటారు.

మూలము

తే.గీ. మొదటఁ గొలబద్దఁ బైకెత్తి మూతిఁ దుడిచి
క్రింది మర విప్పి కాఱిన కిలుముఁ గొలిచి
యంతకంతయే క్రొత్తగా నరుణరసముఁ
బోసి గేరులఁ దిప్పి యా పుల్లఁ జూడు

ప్రతిపదార్థము

మొదటన్ = అన్నిటికంటె ముందు, అనగా యూట్యూబు చూడడం ముగిశాక; కొలబద్దన్ = ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్కును; పైకెత్తి = గొట్టంలోంచి లాగి; మూతిన్ = దాని కొసను; తుడిచి = పోగులు రాలని గుడ్డతో శుభ్రపరచి; క్రింది మర = గేరుబాక్సు అడుగునున్న బోల్టును; విప్పి = 10 మిల్లీమీటర్ల అలెన్ కీతో వదులు చేసి; కాఱిన = ట్రేలోకి దిగిన; కిలుమున్ = పాత ఆయిల్‌ను; కొలిచి = గీతలున్న డబ్బాలో పోసి చూసి; అంతకు + అంతయే = ఎంత దిగిందో అంతే; క్రొత్తగాన్ = సీలు తీసిన డబ్బాలోంచి; అరుణరసమున్ = ఎర్రని ఏటీఎఫ్‌ను, అనగా ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్‌ను; పోసి = గరాటు పెట్టి, ఆ డిప్‌స్టిక్ గొట్టంలోంచే వంపి; గేరులన్ + తిప్పి = ఇంజన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి, పీ మొదలుకొని కింది గేరు దాకా ఒక్కోచోట క్షణమాగుతూ దించి, మళ్లీ పీకి చేర్చి; ఆ పుల్లన్ = మొదటి పాదంలో చెప్పిన కొలబద్దనే; చూడు = పరీక్షించుము.

అధ్యాహారము

‘మర విప్పి’ అనే మాటకు ముందు ‘ఇంజన్ ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, కారును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి’ అని, ‘పోసి’ అనే మాటకు ముందు ‘మర తిరిగి బిగించి, బండిని నేలకు దించి’ అని పూరించుకోవాలి. వట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరడం శాస్త్రవిరుద్ధం. పాదంలో చోటు చాలక కవి ఈ మాటలు విడిచిపెట్టాడు. వీటిని విడిచిపెట్టిన చదువరి తరువాతి పద్యం దాకా రాకపోవచ్చు.

విశేషములు

‘క్రింది మర’: ఇక్కడ శ్లేష ఉంది, అదీ ప్రమాదకరమైన శ్లేష. బండి కింద వెల్లకిలా పడుకున్నవాడికి రెండు మరలు కనబడతాయి. 14 మిల్లీమీటర్ల స్పానర్ పట్టే తలకాయ ఉన్నది ఇంజన్ ఆయిల్‌ది. ఆరు పలకల గుంట ఉండి అలెన్ కీ పట్టేది గేరుబాక్సుది. మొదటి అర్థం తీసుకున్నవాడు ఇంజన్ ఆయిలంతా దింపేసి, తీరా కొత్త ఏటీఎఫ్ తెచ్చి నిండుగా ఉన్న గేరుబాక్సులో పోస్తాడు. ఒకటి ఎండిపోతుంది, రెండోది పొంగిపోతుంది. ఒక్క పదానికి రెండర్థాలు వస్తే కావ్యానికి శోభ, ఇంజన్‌కు షెడ్డు.

‘మూతి’: కొలబద్ద కొస అని కొందరు, గొట్టం నోరు అని కొందరు. రెండూ గ్రాహ్యమే. గొట్టం చుట్టూ పేరుకున్న దుమ్ము తుడవకుండా పుల్ల లాగితే, అదంతా లోపల పడుతుంది. సన్నని దారుల్లో ఆయిల్‌ను నడిపి గేర్లు వేయించే వాల్వులకు ఒక దారప్పోగైనా ఎక్కువే.

‘మొదట’: ఆయిల్ దింపక ముందే మట్టం చూడమని కవి ఎందుకన్నాడు? ‘అంతకంతయే’ అన్న మూడో పాదం నిలవాలంటే, దింపక ముందు ఉన్నది సరిగ్గా ఉండి ఉండాలి. ముందే ఒక లీటరు తక్కువున్న బండిలో దిగినంతే పోస్తే ఆ తక్కువను పదిలంగా కాపాడినట్టే. చూడడానికీ విధి ఉంది: చదునైన నేల మీద, ఆయిల్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా, గేరు పీలో ఉంచి, ‘హాట్’ అన్న గుర్తుల మధ్య తడి ఎంతదాకా వచ్చిందో చూడాలి. హోండావారి సంప్రదాయం వేరు. వారు ఇంజన్ ఆపేశాక చూడమంటారు. ఒకరి ఆచారం ఇంకొకరి బండికి పట్టించరాదు.

‘అరుణరసము’: ఎరుపు దీని సహజగుణం కాదు. కింద మరక కనిపిస్తే ఇంజన్ ఆయిలా, గేరుబాక్సు ఆయిలా అన్నది తేలడానికి కలిపిన రంగు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో హైడ్రామాటిక్ గేరుబాక్సును బజారుకు తెచ్చింది. 1949లో ఆ కంపెనీయే టైప్ ఏ అన్న ద్రవాన్ని ప్రమాణంగా పెట్టింది. 1970ల ఆరంభం దాకా ఇటువంటి ద్రవాల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. కాబట్టి ఈ రసం సముద్రంలోంచి పుట్టిందంటే అతిశయోక్తి అలంకారం కాదు, స్వభావోక్తే. ఇక రంగు చూసి ఏదో ఒక ఎర్రది కొనరాదు. డెక్స్‌రాన్, మెర్కాన్, టొయోటా టీ-ఫోర్, టొయోటా డబ్ల్యూఎస్, అన్నీ చూపుకు అన్నదమ్ములే, గోత్రాలు వేరు. పెళ్లికి సగోత్రం పనికిరాదు. ఇక్కడ సగోత్రమే కావాలి. ఈ కామ్రీది టైప్ టీ-ఫోర్ గోత్రం.

‘కిలుము’: రాగిచెంబుకు పట్టేదాన్ని కిలుమంటాం. ఆయిల్‌ను అలా అనడం లక్షణ. ఆయిల్ చేసే పనులు నాలుగు: ఇంజన్ బలాన్ని టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపు అందించడం, ఒత్తిడితో క్లచ్చులను పట్టించడం, లోహాల రాపిడి తగ్గించడం, వేడిని రేడియేటర్ దగ్గరున్న కూలర్ దాకా మోసుకుపోవడం. నాలుగూ చేసిచేసి నల్లబడిన దానిని ఒక్క మాటలో చెప్పడానికి కవికి ఇంతకంటె మంచి మాట దొరకలేదు.

అడుగు పళ్లెం గురించి మూలకారుడు మౌనం వహించాడు. దాన్ని విప్పితే లోపల ఫిల్టరూ అయస్కాంతాలూ కనబడతాయి. అయస్కాంతానికి కాటుకలాంటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది వయోధర్మం. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే అది వ్యాధి. మళ్లీ బిగించేటప్పుడు కండబలం చూపరాదు. రేకు వంగి, గాస్కెట్ నలిగి, గరాజ్ నేల మీద అరుణోదయం అవుతుంది.

పాఠాంతరము

‘కిలుముఁ గొలిచి’ అన్నచోట ‘కిలుముఁ జల్లి’ అని ఒక పాఠం ప్రచారంలో ఉంది. ఛందస్సు ఒప్పుకుంటుంది, చట్టం ఒప్పుకోదు. ఒక్కసారి మార్చిన పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని చెరపగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తోంది. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే విడిభాగాల దుకాణంలో ఇవ్వడమే శిష్టాచారం.

పూర్వపక్షము

రూమ్మేటు ఆక్షేపిస్తున్నాడు: “ఎందుకురా కెలుకుతావ్? ఇన్నేళ్లూ మార్చకుండానే నడిచింది కదా. పాత బండికి కొత్త ఆయిల్ పోస్తే గేర్లు జారిపోతాయట. అరిగిన క్లచ్చుల పొడి ఆయిల్‌లో కలిసి ఉండబట్టే ఆ మాత్రం పట్టు ఉందట. మా బావమరిది బండి అట్లాగే పోయింది.”

సిద్ధాంతము

ఇది కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పడిందని తీర్పు. గేర్లు జారడం మొదలయ్యాకనే చాలామందికి ఆయిల్ గుర్తుకొస్తుంది. అప్పటికి క్లచ్చులు కాలి ఉంటాయి. కొత్త ఆయిల్ వాటిని బతికించలేదు, చంపిన నింద మాత్రం దాని మీదే పడుతుంది. అయితే రూమ్మేటు మాటను పూర్తిగా తోసిపుచ్చడానికీ లేదు. కొలబద్ద మీది బొట్టును తెల్లకాగితం మీద అద్ది చూడాలి. గోధుమరంగుకు తిరిగి, మాడు వాసన లేకుంటే మార్చవచ్చు. నల్లగా ఉండి, మాడు కంపు కొడుతూ, గేర్లు కూడా జారుతుంటే ముందు గేరుబాక్సు మెకానిక్ దగ్గరికి. గులాబీరంగు పాలలా ఉంటే కూలర్ చిల్లుపడి కూలంట్ కలిసిందని అర్థం. దానికి ఆయిల్ మార్పు మందు కాదు. మార్చదగిన దశలో ఉన్న పాత బండికి కూడా యంత్రంతో బలవంతంగా కడిగించేకంటె పద్యంలో చెప్పినట్టు దింపి పోయడమే మేలు.

దీన్నుంచి ఒక గణితం పుడుతుంది. మర విప్పితే సుమారు 3.5 లీటర్లు దిగుతుంది. తక్కినదంతా టార్క్ కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది, రమ్మన్నా రాదు. మొత్తంలో నూటికి 40 పాళ్లు దిగుతుందనుకుందాం. మొదటి విడతకు కొత్తది 40 పాళ్లు. కొన్నాళ్లు నడిపి, రెండోసారి దింపి పోస్తే 64. మూడోసారికి 78. దింపేదాంట్లో మునుపు పోసిన కొత్తదీ కొంత పోతుంది కనుక ఎన్నిసార్లు చేసినా నూరు రాదు. గేరుబాక్సు విషయంలో పరిపూర్ణత కోరేవాడు అద్వైతి. మూడో విడతతో తృప్తిపడి చేతులు కడుక్కునేవాడు గృహస్థు.

తాత్పర్యము

ముందు మట్టం చూడు. సరైన మర విప్పు. పోయేముందు, పోయినదెంతో కొలుచుకో. కొంచెం తక్కువగా పోసి, గేర్లు తిప్పి, మళ్లీ చూసి, చాలకపోతే కలుపు. తక్కువైతే కలపడం చిటికెలో పని. ఎక్కువైతే ఆయిల్ నురగలెత్తి ఒత్తిడి తప్పుతుంది. ఆ ఎక్కువను తోడడానికి మళ్లీ బండి కిందికే పోవాలి. నాలుగు పాదాల్లో మూడు చోట్ల కవి కొలవమనీ చూడమనీ చెప్పి, పోయడాన్ని ఒక్క క్రియతో సరిపెట్టడంలోని ఔచిత్యం ఇదే.

ఫలశ్రుతి

30,000 నుంచి 60,000 మైళ్లకోసారి ఈ పద్యాన్ని ఆచరించినవారికి గేర్లు మెత్తగా పడును, తరువాతి జూనియర్ బేరమాడక కొనును. ఇంజన్ మౌంట్లు పోయి వణికే బండికి ఫలము లేదు.

గద్య

ఇది శ్రీమదపార్టుమెంటు నిబంధనాభీత, మిత్రగృహ గరాజాశ్రిత, అర్ధచొక్కా తైలలిప్త వ్యాఖ్యాతృ ప్రణీతంబైన కామ్రీ సర్వస్వంబునందు గేరుబాక్సు ఆశ్వాసము నూటికి 78 పాళ్లు సంపూర్ణము.