హూమ్ సంజీవని: ఒక సర్టిఫికెట్ శీర్షికకు టీకా తాత్పర్యం

అవతారిక

మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి ఆ మహాకవి వాణి మూర్ఛపోయిందనీ, తన సంజీవని దాన్ని లేపుతుందనీ చెప్పుకున్నాడు. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ కూడా చేశాడు. మొదటి ప్రతిజ్ఞ మాకూ శిరోధార్యమే. రెండోది పాటిస్తే ఈ టీకాయే ఉండదు గనుక దానికి మాత్రం సెలవు.

ప్రస్తుతం మూర్ఛలో ఉన్నది ఇంగ్లీషు వారి ‘హూమ్’. పుట్టినింట్లోనే దానికి ఆదరణ తగ్గింది. మాటల్లో అందరూ ‘హూ’తోనే పని కానిచ్చేస్తున్నారు. ‘హూమ్ డిడ్ యూ సీ’ అని అడిగినవాణ్ణి ఎగాదిగా చూస్తారు. ఇలా కొన ఊపిరితో ఉన్న పదం ఇప్పటికీ నిటారుగా నిలబడేది ముఖ్యంగా ఒక్కచోటే: తనకు ముందు ఒక ప్రిపొజిషన్ ఉన్నప్పుడు. ఆ చోటి మహిమ తెలపడానికి, చదువుకున్న ప్రతి తెలుగింట్లోనూ ప్లాస్టిక్ ఫోల్డరులో భద్రంగా ఉండే ఒక మహావాక్యాన్ని ఎంచుకున్నాం.

మూలం

టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్

పాఠాంతరం

‘టు హూమ్ ఇట్ మే కన్సర్న్’ అని ఇంగ్లీషు దేశాల పాఠం. మన కాలేజీ ఆఫీసులూ కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలూ ‘సోఎవర్’ ఉన్న పాఠాన్నే ఎక్కువగా ఆదరిస్తాయి. అర్థభేదం లేదు, గాంభీర్యభేదమే. బోనఫైడ్ సర్టిఫికెట్‌లో గానీ, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో గానీ ఈ వాక్యం పేజీ నడిమధ్యన, పెద్దక్షరాల్లో, కింద గీతతో ఉంటుంది. దిగువన గుండ్రటి స్టాంపు, పచ్చసిరా సంతకం ఉంటే ఇక తిరుగులేదు.

ప్రతిపదార్థం

ఇట్ = ఈ కాగితంలోని సంగతి; హూమ్‌సోఎవర్ = ఎవరెవరిని; మే కన్సర్న్ = తాకే అవకాశం కలదో; టు = అట్టివారికి. ‘వ్రాయబడినది’ అని అధ్యాహారం.

శంక

హూమ్‌కి చివర ఆ ‘మ్’ ఎవరి ప్రసాదం? ‘టు’ ఇచ్చిందా, ‘కన్సర్న్’ ఇచ్చిందా?

పూర్వపక్షం

టు ఇచ్చిందే. ప్రిపొజిషన్ ముందుంటే హూ హూమ్‌గా మారుతుందని ఎనిమిదో తరగతి గ్రామర్ పుస్తకం చెబుతోంది. ‘విత్ హూమ్’, ‘ఫ్రమ్ హూమ్’ అంటున్నాం కదా.

సిద్ధాంతం

కాదు. ‘గివ్ ఇట్ టు హూఎవర్ కమ్స్ ఫస్ట్’ అనే ప్రయోగాన్ని చూడండి. అందరికన్నా ముందు వచ్చినవాడికి ఇమ్మని అర్థం. అక్కడా పక్కనే టు ఉంది, అయినా హూఎవర్ హూమెవర్ కాలేదు. ఎందుకంటే అది ‘కమ్స్’ అనే క్రియకు కర్త. టు పట్టుకున్నది ఒక్క పదాన్ని కాదు, వెనక ఉన్న ఉపవాక్యం మొత్తాన్ని. వీధిగుమ్మంలో నిలబడ్డవాడు ఇంట్లోవాళ్ల వరసలు మార్చలేడు. మన శీర్షికలో హూమ్ ‘కన్సర్న్’ క్రియకు కర్మ. కాగితం ఎవరిని తాకుతుందో వారిని అని ద్వితీయా విభక్తి. కావున ‘మ్’ కన్సర్న్ ప్రసాదమే.

మరి పూర్వపక్షి చెప్పిన సూత్రం అబద్ధమా? అబద్ధం కాదు, ఇక్కడిది కాదు. అది వర్తించే చోటు వేరు.

ఉదాహరణం

‘ది క్లర్క్ టు హూమ్ ఐ గేవ్ ది ఫారం’. నేను ఫారం ఇచ్చిన గుమాస్తా అని అర్థం. ఇక్కడ టు నేరుగా హూమ్‌నే పట్టుకుంది. ఈ టుని చివరికి పంపితే నాలుగు రూపాలు పుడతాయి: ‘ది క్లర్క్ హూమ్ ఐ గేవ్ ది ఫారం టు’, ‘హూ ఐ గేవ్ ది ఫారం టు’, ‘దట్ ఐ గేవ్ ది ఫారం టు’, ఆ మధ్య పదాన్నీ ఎగరగొట్టి ‘ది క్లర్క్ ఐ గేవ్ ది ఫారం టు’. అన్నీ సాధువులే. మొదటిది దర్బారుకు, చివరిది టీకొట్టుకు.

టు ముందుకొచ్చిందా, ఈ స్వేచ్ఛ పోతుంది. ‘టు హూ ఐ గేవ్’ అంటే చెవికి ఎబ్బెట్టు. ‘టు దట్ ఐ గేవ్’ అసలు ఇంగ్లీషే కాదు. మధ్య పదాన్ని ఎగరగొట్టడం అంతకన్నా కుదరదు. ప్రిపొజిషన్ ముందుంటే మనుషులకు హూమ్ ఒక్కటే గతి, వస్తువులకు విచ్. రెండు చోట్లా టు పెట్టి ‘టు హూమ్ ఐ గేవ్ ది ఫారం టు’ అనడం మాత్రం భక్తి ముదిరి ఒకే దేవుడికి రెండుసార్లు కొబ్బరికాయ కొట్టడం.

అవాంతర శంక

మనుషులకు హూమ్, వస్తువులకు విచ్ అన్నారు. ఈ గీత ఎవరు గీశారు?

సమాధానం

వాడుక గీసింది, అదీ ఆలస్యంగా. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో పరలోకపు తండ్రినే విచ్‌తో సంబోధించారు. ఆనాటికి అది అపచారం కాదు. నేడు మనిషిని విచ్ అంటే తగువే. బ్యాంకుకైతే ‘టు విచ్’, అందులో కూర్చున్న మేనేజరుకు ‘టు హూమ్’. కుక్క విషయంలో వికల్పం: పెంచుకున్నవారికి అది హూమ్, పట్టుకుపోయే మున్సిపాలిటీ వారికి విచ్. ‘హూజ్’ మాత్రం సమదర్శి, మనిషికీ వస్తువుకీ చెల్లుతుంది.

పూర్వాచార్య మతాలు

ప్రిపొజిషన్ చివరికి జారకూడదనే ఆచారానికి ఆద్యుడుగా కవి జాన్ డ్రైడెన్‌ని చెబుతారు. 1672లో ఆయన నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యం ఒకటి తీసి, ప్రిపొజిషన్ చివర పడిందని తప్పుపట్టాడు. జాన్సన్ పోయి అప్పటికి ముప్పై అయిదేళ్లు, జవాబు చెప్పే దిక్కు లేదు. డ్రైడెన్ అంతటితో ఆగక, 1668లో తాను అచ్చువేసిన నాటక వ్యాసాన్ని 1684లో మళ్లీ వేసినప్పుడు అందులో చివరికి జారినవాటిని ఏరి ముందుకు జరిపాడు. లాటిన్‌లో ప్రిపొజిషన్ అలా చివర ఒంటరిగా నిలవదు. ఆ భాష మీది గౌరవమే ఇంత పని చేయించిందని తరవాతివారి ఊహ.

1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ మధ్యేమార్గి. ముందు పెడితే అందం, గంభీర రచనకు తగును. చివర పెట్టడం మన భాషకు సహజంగా ఉన్న మొగ్గు, మాటల్లోనూ మామూలు రాతలోనూ చెల్లును అన్నాడు. ఆ మొగ్గును గురించి ఆయన రాసిన ముక్కే టుతో ముగియడం విశేషం. తరవాతి పంతుళ్లు మొదటి సగాన్ని కంఠస్థం చేసి రెండో సగాన్ని మరిచారు. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఈ నిషేధాన్ని మూఢనమ్మకాల పద్దులో వేశాడు. చర్చిల్ పేర తిరిగే ఛలోక్తి ఒకటుంది గానీ అది ఆయనదేననడానికి ఆధారం దొరకదు. మల్లినాథుని మొదటి ప్రతిజ్ఞ అడ్డుపడుతున్నందున దాన్ని విడిచిపెడుతున్నాం.

అపవాదాలు

కొన్నిటిని ముందుకు లాగరాదు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే సాకడం. ‘ది చైల్డ్ షీ లుక్డ్ ఆఫ్టర్’ అనే అనాలి. ‘ఆఫ్టర్ హూమ్ షీ లుక్డ్’ అంటే ఆవిడ పిల్లవాణ్ణి సాకినట్టు ఉండదు, వాడు వెళ్లిన వైపు చూస్తూ నిలబడినట్టు ఉంటుంది. క్రియతో కలిసి కొత్త అర్థమిచ్చే ప్రిపొజిషన్‌ని క్రియ నుంచి విడదీయరాదని భావం.

కొన్నిటిని చివరికి తొయ్యరాదు. పెళ్లి సంబంధాల బయోడేటాలో ‘టూ సన్స్, బోత్ ఆఫ్ హూమ్ ఆర్ ఇన్ డల్లాస్’ అని ఉంటుంది. ఈ ‘ఆఫ్ హూమ్’ని కదిలించడానికి వీల్లేదు. సమ్ ఆఫ్ హూమ్, నన్ ఆఫ్ హూమ్ కూడా ఇంతే. హూమ్ మాటల్లో సైతం బతికి ఉన్న చోటు ఇదే.

ఆంధ్రాన్వయం

తెలుగువాడికి ఇక్కడొక ప్రత్యేక గండం ఉంది. మన క్రియాజన్య విశేషణం విభక్తిని మింగేస్తుంది. ‘నేను చెప్పిన మనిషి’ అంటే నేను ఎవరితో చెప్పానో ఆ మనిషి కావచ్చు, ఎవరి గురించి చెప్పానో ఆ మనిషీ కావచ్చు. ఏది ఎప్పుడో సందర్భం చెబుతుంది, వినేవాడు పట్టేస్తాడు. ఈ ధీమాతోనే ఇంగ్లీషులోకి దిగి ‘ది మేన్ హూమ్ ఐ టోల్డ్’ అంటాం. అక్కడ దానికి ఒకటే అర్థం: నేను విషయం వినిపించినవాడు. గురించి అనుకున్నప్పుడు ‘అబౌట్’ ఉండి తీరాలి.

ఇంకా ఘోరం చూడండి. ‘ఈయన నేను చదువుకున్న మేష్టారు’ అన్నది గౌరవంగా చెప్పే మాట. దాన్ని ‘ది టీచర్ హూమ్ ఐ స్టడీడ్’ అంటే, పాపం ఆయన్ని కూర్చోబెట్టి పరిశీలించానని అర్థం. ‘అండర్’ అనే చిన్న ముక్క చేరిస్తే తప్ప శిష్యుడు శిష్యుడు కాడు. అది హూమ్ ముందున్నా సరే, స్టడీడ్ వెనకున్నా సరే.

తాత్పర్యం

ప్రిపొజిషన్ ఎక్కడుండాలన్నది మర్యాదకు సంబంధించిన మాట, ఉండాలన్నది అర్థానికి సంబంధించిన మాట. మూడు వందల ఏళ్లుగా పండితులు మొదటిదాని మీద సిరా ఖర్చు పెట్టారు. మనకు పనికొచ్చేది రెండోది. ముందు పెట్టినవారు హూమ్ అనాలి, చివర పెట్టినవారు ఏమన్నా, ఏమీ అనకపోయినా దోషం లేదు, పూర్తిగా వదిలేసినవారికి మాత్రం నిష్కృతి లేదు.

ఫలశ్రుతి

ఈ టీకా చదివినవారు సర్టిఫికెట్ శీర్షికను దిద్దబోకుండురు గాక. అది నిర్దుష్టం. అయితే ఉద్యోగానికి ఉత్తరం రాసేటప్పుడు అవతలి అధికారి పేరు తెలిసి కూడా ఈ మహావాక్యాన్ని పైన పెట్టేవారికి ఒక మనవి. ఇది చదివేదెవరో తెలియనప్పుడు రాసేది. పేరు తెలిస్తే ‘డియర్’ అని ఆ పేరే రాయండి, స్పెల్లింగు ఒకసారి సరిచూసుకుని.