పుస్తకం చదివి కూడా సుఖపడకుండా ఉండడం ఎలా?

చదవడం మంచిదని పెద్దలందరూ చెబుతారు. అది ఎంత బాగుంటుందో చెబితే పిల్లలు పనికి రాకుండా పోతారని కాబోలు, ఆ సంగతి మాత్రం పైకి అనరు. ఉద్యోగం, సంసారం, నిద్ర ఏదీ చెడకుండా చదువరి అనిపించుకోవాలంటే చదవాలి గానీ రుచి తగలకూడదు. అదేమంత కష్టం కాదు.

ముందుగా పుస్తకం ఎంపిక. మీరు చదవాలనుకుంటున్నది పక్కన పెట్టి, ఈపాటికి చదివేసి ఉండాల్సింది తీసుకోండి. ఏళ్ల తరబడి ఏమీ చదవనివారికి ‘వేయిపడగలు’ శ్రేష్ఠం. 1934లో విశ్వనాథ సత్యనారాయణ 29 రోజుల్లో ఆశువుగా చెప్పుకుపోతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారంటారు. కనక మీరూ మొత్తం పేజీలను 29తో భాగించి, రోజుకిన్ని అని గోడ క్యాలెండరు మీద రాసుకోండి. రెండో వారానికల్లా వెనకబడతారు. ఆయన నోటితో చెప్పినంత వేగంగా నేను కంటితో కూడా చదవలేకపోతున్నానే అన్న బెంగ పట్టుకుంటుంది. ఇక ధర్మారావు ఏం చేస్తున్నాడో, పసిరిక ఎటు పోయాడో మీకు పట్టదు. ఇంకా ఎన్ని పేజీలున్నాయో అదే పడుతుంది. మనక్కావలసింది అదే.

చదివేటప్పుడు బల్ల ముందు నిటారుగా కూర్చోండి. పడుకుని చదవకండి. అన్నం తింటూ అసలు చదవకండి. అలా చదివేవాళ్లు కూర ఏమిటో చెప్పలేరు, మజ్జిగ పోసుకున్నాక చారు అడుగుతారు.

అన్నిటికన్నా ప్రమాదం పాత బైండు పుస్తకాలతో. ఒకప్పుడు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించేవారు. యద్దనపూడి నవల అలాంటి బైండులో కనబడిందా, ముట్టుకోకండి. సీరియల్ భాగం అయిపోయినచోట ఆగక వెనక్కి తిప్పుతారు. అక్కడ వేరే ఎవరిదో కథ చివరి సగం ఉంటుంది. దాని పక్కన తలనూనె ప్రకటన, కింద రెండు జోకులు, ఎవరి సందేహానికో ఎవరో ఇచ్చిన జవాబు. అన్నీ చదువుతారు. సందేహం లేకుండా జవాబు ఒక్కటే ఉంటే మరీ మనసు పెట్టి చదువుతారు. పైగా నడుమ ఒక వారం పోయి ఉంటుంది, పక్కింటివాళ్లు పట్టుకెళ్లి ఇవ్వనిది. ఈ పేజీలో హీరో మొహం చూడనని తలుపేసుకున్న పిల్ల, తర్వాతి పేజీలో అతని కారులో కూర్చుని ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో మీరే అల్లుకోవాలి. నన్నడిగితే, అలా అల్లుకున్న వారం చాలాసార్లు రచయిత్రి రాసినదానికంటే బాగుంటుంది. ఇది చాలదన్నట్టు, మీకంటే ముందు చదివిన ఏ పిన్నిగారో హీరో మాటల పక్కన పెన్సిలుతో ‘ఎంత పొగరు!’ అని రాసి ఉంటారు. ఇక మీరు ఒంటరిగా చదువుతున్నట్టు కాదు.

దీనికి విరుగుడు కొత్త ముద్రణ కొనడం. ముందుమాటలున్నది చూసి కొనండి. కథంతా అక్కడే చెప్పేస్తారు. (వారి మేలు మరువరాదు.) అద్దె పుస్తకాల షాపులు చాలావరకు మూతబడడం కూడా మనకు కలిసొచ్చింది. రోజుకింతని అద్దె లెక్కగట్టేవారు కాబట్టి, డబ్బు మిగల్చాలని రాత్రికి రాత్రే నవల పూర్తిచేసి, తెల్లారి ఎర్రటి కళ్లతో ఇంకోటి తెచ్చుకునే దుర్వ్యసనం దాంతోనే పోయింది.

ప్రయాణాల్లో ‘బారిస్టరు పార్వతీశం’ తెరవకండి. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి మొగల్తూరు నుంచి బయల్దేరదీసిన ఆ మనిషి నిడదవోలులో రైలెక్కేలోపే మీరు పైకి నవ్వేస్తారు. ఎదుటి సీటాయన ‘ఏమిటండీ అది?’ అంటారు. ఒక్క పేజీ చూసిస్తానని తీసుకుంటారు. మీరు దిగాల్సిన స్టేషను వస్తుంది, ఆయన ఇవ్వరు.

చదివింది మళ్లీ చదవకండి. ‘కన్యాశుల్కం’ విషయంలో మరీ జాగ్రత్త. గురజాడకే దాన్ని ఒకసారి రాసి ఊరుకోవడం చేతకాలేదు. 1897లో అచ్చయిన నాటకాన్ని బాగా పెంచి, మార్చి, 1909లో మళ్లీ అచ్చువేశారు. ఆ జబ్బు పాఠకులకూ అంటుకుంది. కాలేజీ రోజుల్లో గిరీశం గొప్పవాడిలా కనిపిస్తాడు. పెళ్లయ్యాక చదివితే మధురవాణి ఒక్కతే తెలివైనదని తెలుస్తుంది. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలుండగా చదివితే, అగ్నిహోత్రావధానుల కేకలు మీ గొంతులోనే వినబడి ఉలిక్కిపడతారు. నాటకం అదే, దాన్ని పూర్తి చేశామని చెప్పుకునే రోజు మాత్రం రాదు. టార్గెట్ పెట్టుకున్నవాడికి ఇంతకన్నా నష్టం ఏముంది?

చదివిన పుస్తకాల లెక్క స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎప్పటికప్పుడు పెడుతుండండి. అంకె పెరుగుతున్నంతకాలం లోపల ఏముందో ఎవరూ అడగరు.

చివరి జాగ్రత్త అలమర గురించి. దాన్ని సర్దే పని ఎన్నడూ పెట్టుకోకండి. దుమ్ము దులుపుదామని పాత చందమామల కట్ట దింపుతారు. పైదాని మీద శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడి బొమ్మ కనబడుతుంది. నిలబడే రెండు పేజీలు తిప్పుతారు, తర్వాత కింద చతికిలబడతారు, ఆ తర్వాత ఎవరు భోజనానికి పిలిచినా వినబడదు. తప్పనిసరిగా సర్దాల్సి వస్తే కరెంటు పోయాక సర్దండి. సెల్‌ఫోను మాత్రం వేరే గదిలో పెట్టి రండి, దానికి టార్చి ఉంటుంది.